బోడిగుట్టకు మహారాజు వస్తున్నాడట

అడవి పెద్దది. ఎంత పెద్దదంటే, ఈ కొసన ఉన్న కుందేలు ఆ కొసన ఉన్న బొరియని కంటితో చూడకుండానే కొనేసేది. కొనేవాళ్లు బోలెడుమంది, అమ్మేవాళ్లు బోలెడుమంది. ఇద్దరి మధ్యా నిలబడి ఇద్దరి దగ్గరా కమీషను పుచ్చుకునేవాళ్లు వాళ్లిద్దరికంటే ఎక్కువమంది ఉండేవాళ్లు.

ఆ మధ్యవర్తుల్లో తాతబ్బాయి ఒకడు. జాతికి చెవులపిల్లి. కుందేలంటే కూడా పలుకుతాడు. స్వభావానికి మంచివాడే గానీ నోరు వృత్తికి అలవాటు పడిపోయింది. ముళ్లకంప చూపిస్తే అది సహజమైన ప్రహరీ అంటాడు. ఎండిపోయిన వాగు చూపిస్తే వరద భయం లేదంటాడు. ఇంట్లో కూర బాగోలేకపోయినా "దీనికి మంచి భవిష్యత్తు ఉంది" అనేవాడని పెళ్లాం మంగతాయారు చెప్పుకుని నవ్వేది.

ఒకప్పుడు ఆ అడవిలో గిరాకీ ఒక వెర్రి. పంజా ఉన్నవాడల్లా తవ్వాడు, నోరున్నవాడల్లా అమ్మాడు. పుట్టాక బొరియలో కాలు పెట్టని కోతులు కూడా బొరియలు కొని పెట్టుకున్నాయి. ఎందుకురా మీకు అని అడిగితే, పెరుగుతుంది అన్నాయి. ఏమిటి పెరిగేది, బొరియా? ఎవరూ అడగలేదు. నేనున్నా అడిగేవాణ్ని కాదు, ఆ రోజుల్లో అలా అడిగినవాణ్ని చేతకానివాడి కింద జమకట్టేవాళ్లు.

ఆ వెర్రి రోజుల్లోనే వీర్రాజు అనే ముళ్లపంది బోడిగుట్ట మీద వెంచరు వేశాడు. పేరులోనే ఉంది దాని సంగతి. చెట్టు లేదు, నీళ్లు లేవు, ఎండ మాత్రం పుష్కలంగా ఉంది. వీర్రాజు గుట్ట వాలంతా వరసలు వరసలుగా బొరియలు తవ్వించి, కింద రెండు వెదురు బొంగులు పాతి పైన తోరణం కట్టి, స్వర్ణగిరి విహార్ అని పేరు పెట్టాడు. తాతబ్బాయి అందులో కొన్ని అమ్మిపెట్టాడు. కమీషను అడిగితే వీర్రాజు చేతిలో ఏమీ ఆడటం లేదన్నాడు. "దాని బదులు ఒక బొరియ తీసుకో తాతబ్బాయ్. రేపు నువ్వే నాకు దణ్ణం పెడతావు" అన్నాడు.

తాతబ్బాయి తీసుకున్నాడు. రెండిళ్లవాణ్నయ్యానని పొంగిపోయాడు. పొంగినవాడు ఊరుకున్నాడా, లేదు. వాగొడ్డున కలివి పొద కింద తాతల నాటి బొరియ ఉంటే, మంచి ధర పలుకుతోందని దాన్ని ఒక ఉడుముకి అమ్మేశాడు. ఆ వచ్చిన ఎండుగడ్డి మోపులు పెట్టి వేరే చోట్ల అడ్వాన్సులు ఇచ్చాడు.

తర్వాత వానలు మొహం చాటేశాయి. గడ్డి పలచబడింది. ఉన్న ఇంట్లో సర్దుకుందాం అనుకున్నారు అందరూ. అడ్వాన్సులు ఎక్కడివక్కడ మునిగాయి. బోడిగుట్టలో కొన్నవాళ్లు కూడా బొరియలు అలా వదిలేసి పాత ఇళ్లకే పోయారు. ఆ గుట్ట మొత్తానికి కాపురం ఉంటున్నది తాతబ్బాయి కుటుంబం ఒక్కటే, ఎందుకంటే వాళ్లకి వెనక్కి పోవడానికి ఇల్లు లేదు.

మంగతాయారు అక్కడే ఈనింది. పిల్లలు ఇంకా గుమ్మం దాటలేదు.

ఒక పొద్దున తాతబ్బాయి బయల్దేరుతుంటే ఆమె అడ్డం నిలబడింది.

"ఏవండీ, పైకి చూడండి."

తాతబ్బాయి చూశాడు. గుట్ట మీద గద్ద ఒకటి తిరుగుతోంది.

"రోజూ వస్తోంది. నలుగురు ఉన్నచోట ఒకరు మేస్తుంటే ఒకరు ఆకాశం చూస్తారు. ఇక్కడ మేసేదాన్నీ నేనే, చూసేదాన్నీ నేనే. తల వంచాలంటే భయం, వంచకపోతే పాలు పడవు. రేపోమాపో పిల్లలు బయటికి వస్తారు. నాకు పొరుగు కావాలండీ."

"వస్తారు మంగా. ఇది బాగా డెవలప్ అయ్యే ఏరియా..."

"నాకు అమ్మకండి," అంది మంగతాయారు. కోపంగా అనలేదు, అలిసిపోయి అంది. "పిల్లలు గుమ్మం దాటే వేళకి పక్కింట్లో ఎవరైనా ఉండాలి. లేదంటే పిల్లల్ని వెంటబెట్టుకుని వాగొడ్డుకి పోతాను. ఇల్లు లేకపోతే పోయె, ఏ పొదలోనో పడి ఉంటాం."

తాతబ్బాయి ఇంకోసారి గద్ద కేసి చూశాడు. అక్కణ్నుంచి నేరుగా సంఘం సమావేశానికి వెళ్లాడు.

మధ్యవర్తుల సంఘానికి అధ్యక్షుడు వీర్రాజే. ఎన్నికేమీ జరగలేదు. ఒకసారి ఆ కుర్చీ బండ మీద కూర్చున్నాడు, ఆ ముళ్లు చూసి లేవమని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కార్యదర్శి కాకి పేరయ్య, ప్రచారం కూడా అతనిదే. కోశాధికారి అలుగు, ఒళ్లంతా పొలుసులే. లెక్కలు ఎవరైనా అడిగితే చాలు, చుట్టలా ముడుచుకుపోయి సమావేశం అయ్యేదాకా విప్పుకోడు. సలహాదారు కొంగ సిద్ధాంతి. వాస్తు చెబుతాడు, ఒంటికాలి మీద నిలబడి చెబుతాడు కాబట్టి అందరికీ గురి.

"మొదటి తీర్మానం," అన్నాడు వీర్రాజు. "మార్కెట్ పడిపోయిందనే మాట ఇవాళ్టి నుంచి సభ్యులెవరూ వాడకూడదు."

"మరి ఏమనాలి?" అన్నాడు పేరయ్య.

"కుదురుకుంటోంది అనాలి."

"ఎక్కడ కుదురుకుంటోంది?"

"పడినచోటే," అన్నాడు వీర్రాజు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించారు.

రెండో తీర్మానం కింద ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఉచిత భోజనాలు పెట్టి చూశారు, జనం తిని వెళ్లిపోయారు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అని చూశారు, ఆ ఉచితమైంది ఒక్కటే ఇవ్వమన్నారు. అందరూ నేల చూస్తూ కూర్చున్నారు. తాతబ్బాయికి మాత్రం నేల కనిపించడం లేదు, గుట్ట మీద తిరిగే గద్ద కనిపిస్తోంది. అందుకే నోరు జారింది.

"మహారాజు బోడిగుట్టకి మారుతున్నాడని చెబుదాం."

మహారాజంటే సింహం. లోయకి అవతల పాత గుహలో ఉంటాడు. ముసలివాడైపోయాడు, బయట కనిపించి కూడా చాన్నాళ్లయింది.

"నిజంగా మారుతున్నాడా?" అన్నాడు వీర్రాజు.

"మారక్కర్లేదండీ. మారుతున్నాడంటే చాలు."

"సింహం పక్కన ఇల్లు ఎవడు కొంటాడయ్యా?" అన్నాడు పేరయ్య. కాకికి రెక్కలున్నాయి కాబట్టి అలాంటి ప్రశ్న ధైర్యంగానే అడగగలడు.

"అందరూ కొంటారు. మహారాజు వస్తే దారి వేస్తారు. దారి వేస్తే నీళ్లు తెస్తారు. కాపలా ఉంటుంది, గద్ద కూడా ఆ చుట్టుపక్కల వాలదు."

"తింటాడేమో కదా."

తాతబ్బాయికి జవాబు ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు గానీ వచ్చింది. "గుమ్మం ముందు ఏ రాజైనా వేటాడతాడా? హోదాకి ఎంత లోటు."

వీర్రాజు ఆ మాటని కాసేపు నమిలాడు. సిద్ధాంతి రెండో కాలు కూడా దించి ఆలోచించాడు. రాజుగారి హోదా గురించి వాళ్లలో ఎవరికీ ఏమీ తెలియదు, అయినా వినడానికి చాలా సబబుగా ఉంది. అలుగు విప్పుకుని, ఈ పథకం బాగుందని చెప్పి మళ్లీ ముడుచుకుంది.

పేరయ్య ఆ కబురు అడవిలో చాటింపు వెయ్యలేదు. అతని పనితనం అక్కడే ఉంది. ఒక్కొక్క చెట్టు మీదా వాలి, ఎవరితోనూ అనకండి అని బతిమాలుకుంటూ చెప్పాడు. మధ్యాహ్నానికి ఆ సంగతి తెలియనివాళ్లు అడవిలో లేరు, తెలుసునని ఒప్పుకున్నవాళ్లూ లేరు. నాలుగో రోజుకి బోడిగుట్ట తోరణం కింద తోపులాట మొదలైంది.

కొనేవాళ్లని ఏనుగు మీద ఎక్కించి గుట్ట చూపించారు. వెళ్లేటప్పుడు లేత గడ్డి పెట్టారు, వచ్చేటప్పుడు కొన్నవాళ్లకి మాత్రమే పెట్టారు. తాతబ్బాయి తోకముందుగా నడుస్తూ చెయ్యి చాపి చూపించేవాడు. "అదిగో ఆ కొండచరియ ఉందే, దాని వెనకే మహారాజు గుహ. ఇక్కణ్నుంచి గర్జన నేరుగా వినిపిస్తుంది. పక్క వరసలో అయితే కొంచెం తక్కువ వినిపిస్తుంది, అందుకే అక్కడ ధర కూడా తక్కువ." జింకలు బండల నీడలు కొన్నాయి, పందికొక్కులు బొరియలు కొన్నాయి. వదిలేసి పోయినవాళ్లు పరుగున తిరిగొచ్చి మాదే మాదే అన్నారు.

ఆ గుట్టలో తవ్విన ప్రతి బొరియకీ వెనకవైపు రెండో దారి ఉంది. అడవిలో బొరియ తవ్వే పద్ధతే అది. ముందు గుమ్మంలోకి ఎవరైనా వస్తే వెనకనుంచి జారుకోవడానికి. కొనేవాళ్లలో ఒక పందికొక్కు దాన్ని చూపించి, ఇది ఏ దిక్కండీ అని అడిగింది.

కొంగ సిద్ధాంతి కళ్లు మూసుకుని కాలెత్తాడు. "నైరుతి," అన్నాడు. "నైరుతిలో కన్నం. వచ్చిన సిరి వచ్చినట్టే అటునుంచి పోతుంది. ఇంటి యజమానికి స్థిరత్వం ఉండదు."

పందికొక్కు మొహం మాడిపోయింది. వెనకున్నవాళ్లు కూడా అడుగు వెనక్కి వేశారు. వీర్రాజు క్షణం ఆలస్యం చెయ్యలేదు. "ఇప్పుడే మూయించేస్తాం. మహారాజుగారి భద్రతావాళ్లు కూడా ఇదే చెప్పార్లెండి. గుట్టలో దొంగదారులు ఉండకూడదుట" అన్నాడు. ఏ భద్రతావాళ్లు అని ఎవరూ అడగలేదు. ఆ రోజే అన్ని బొరియలకీ వెనక దారులు మట్టీ రాళ్లూ కూరి బిగించడం మొదలుపెట్టారు.

"మరి మీ ఇంటికి ఉందిగా?" అంది పందికొక్కు తాతబ్బాయితో.

తాతబ్బాయి ఇంటికి వెళ్లి, వెనక దారిలోకి రాళ్లు దొర్లించడం మొదలుపెట్టాడు. మంగతాయారు వచ్చి చూసింది.

"అదెందుకు మూస్తున్నారు?"

"మన ఇల్లే అందరికీ మాదిరి ఇల్లు మంగా. ముందు మనం ముయ్యకపోతే వాళ్లెలా మూస్తారు?"

ఆమె ఇంకో మాట అనబోయింది. సరిగ్గా అప్పుడే బయట పిల్లల నవ్వులు వినిపించాయి. వాళ్ల పిల్లలు మొదటిసారి గుమ్మం దాటి పక్కింటివాళ్ల ముందు గెంతుతున్నారు. పక్కింట్లోకి కొత్తగా వచ్చింది ముంగిస వెంకాయమ్మ, ఒంటరి ముసలిది. రాతి మీద నిటారుగా కూర్చుని ఆకాశం కేసి చూస్తూ, "నువ్వు మెయ్యి అమ్మాయ్, నేను చూస్తున్నాగా" అంది. మంగతాయారు ఆ రోజు తల వంచి కడుపునిండా మేసింది. రాళ్ల సంగతి మర్చిపోయింది. తాతబ్బాయికి ఆ సాయంత్రం ఎంత సంతోషం కలిగిందంటే, తను చెప్పింది అబద్ధమన్న సంగతి అతనూ మర్చిపోయాడు.

అంతా ఇలా సుఖంగా ఉండగా తోడేలు దివాను వచ్చి, మహారాజు రమ్మంటున్నాడు అన్నాడు.

తాతబ్బాయి చెవులు రెండూ వాలిపోయాయి. రాజు పేరు మీద అబద్ధం ప్రచారం చేసినందుకు ఆయన తనని ఏం చేస్తాడో అతనికి తెలుసు. పిల్లల్ని ఒకసారి వాసన చూసి, మంగతో ఏమీ చెప్పకుండా దివాను వెంట లోయ దాటాడు.

పాత గుహలో సింహం పడుకుని ఉంది. జూలు పలచబడింది, డొక్కలు లెక్కపెట్టొచ్చు. తాతబ్బాయి సాష్టాంగపడ్డాడు.

"లేవయ్యా," అన్నాడు మహారాజు. గొంతులో కోపం లేదు. "నేను బోడిగుట్టకి మారుతున్నానట కదా. నాకు నిన్ననే తెలిసింది."

"మహాప్రభూ, అది..."

"అడవంతా అనుకుంటోందంటే ఏదో ఉండే ఉంటుంది. సంగతేమిటో కనుక్కుందామని పిలిపించాను. అక్కడ గుహ ఉందా?"

క్షమించమని అడగడానికి నోరు తెరిచాడు తాతబ్బాయి. ఒట్టు, అందుకే తెరిచాడు. కానీ ఎదురుగా ఒకడు కూర్చుని వివరాలు అడుగుతుంటే వృత్తిలో పండిన నోరు వేరే మాట పలకలేకపోయింది.

"ఉందండి. తూర్పు ముఖం. ఉదయం ఎండ వస్తుంది, మధ్యాహ్నం నీడ. రాయి గట్టిది."

"ఇక్కడ చెమ్మ. మోకాళ్లు పట్టేస్తున్నాయి."

"అక్కడ చెమ్మ అన్న మాటే ఉండదండి. గుట్ట మొత్తం పొడి."

"పొరుగు ఎలాంటిది?"

"అంతా మర్యాదస్థులండి. కుందేళ్లు, జింకలు, ముంగిసలు. ఒక్క క్రూరజంతువు లేదు."

"ఎంత దూరంలో ఉంటారు?"

"మీరు గుమ్మంలో నిలబడి చూస్తే అందరూ కనిపిస్తారండి."

తన గొంతు తనకే వినిపిస్తోంది తాతబ్బాయికి. ఆపాలని ఉంది. అయినా నోరు గుట్ట సుగుణాలు వరసగా చెప్పుకుపోతోంది. నిజమైన కొనుగోలుదారుని చూసి అతనికి ఎన్నాళ్లయిందో పాపం.

"రాకపోకలు ఎక్కువా? నేను పడుకుంటే జనం అటూ ఇటూ పరిగెడుతూ ఉంటారా?"

"లేదండి. ఒక్కో ఇంటికి ఒక్కటే దారి. వెనకవి మూయించేశాం, వాస్తు ప్రకారం."

మహారాజు దివాను కేసి చూశాడు. దివాను నేల చూపులు చూశాడు.

"ఒక్కటే దారి," అన్నాడు మహారాజు నెమ్మదిగా. "నేను పరిగెత్తడం మానేసి చాలా కాలమైందయ్యా. ఈ వయసులో నా గురించి ఇంత ఆలోచించేవాళ్లు ఈ అడవిలో ఉన్నారని నేననుకోలేదు."

ఆయన కళ్లు నిజంగానే చెమ్మగిల్లాయి.

తిరిగి వస్తూ తాతబ్బాయి దారి పొడుగునా తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. రాజు ముసలివాడు. పరిగెత్తడం మానేశానని తనే అన్నాడు. పైగా గుమ్మం ముందు ఏ రాజూ వేటాడడు. ఈ చివరి మాట ఎంతమందితో అన్నాడో, ఎన్నిసార్లు అన్నాడో, ఇప్పుడది అతనికి పెద్దలెవరో చెప్పిన మాటలా తోచింది.

మహారాజు మేళతాళాలతో బోడిగుట్టకి వచ్చాడు. ఆ రోజే ధరలు రెట్టింపయ్యాయి. సంఘం సమావేశమై, తాతబ్బాయి దూరదృష్టికి పూలమాల వేసింది. గద్ద అటువైపు రావడం మానేసింది, ఆ ఒక్కటి మాత్రం తాతబ్బాయి చెప్పినట్టే జరిగింది.

వారం తిరక్కుండా కింద వరసలో పందికొక్కు ఇల్లు ఖాళీ అయింది.

"ఎక్కడికి పోయింది?" అన్నాడు తాతబ్బాయి.

"ఖాళీ చేసింది," అన్నాడు వీర్రాజు. సంఘం మూడో తీర్మానం కూడా చేసుకుంది అప్పటికి. తిన్నాడు అనే మాట సభ్యులు వాడకూడదు, ఖాళీ చేశారు అనాలి.

మర్నాడు ఆ ఇల్లు కొత్తవాళ్లకి అమ్ముడైంది. ఆ తర్వాత ఇంకో ఇల్లు ఖాళీ అయింది, అదీ అమ్ముడైంది. వీర్రాజు ఆనందం పట్టలేకపోయాడు. "రోజూ ఖాళీ అవుతున్నాయి, రోజూ నిండుతున్నాయి. కట్టినవి కట్టినట్టు పడి ఉండటం కాదు తాతబ్బాయ్, చేతులు మారాలి. ఇంత చురుకైన మార్కెట్ నా జన్మలో చూళ్లేదు" అన్నాడు. కష్టకాలం గట్టెక్కిందని సంఘం ప్రకటించింది.

ఒక పొద్దున మంగతాయారు మేతకి వెళ్లి తల వంచబోయి ఆగింది. రాతి మీద వెంకాయమ్మ లేదు. వెళ్లి చూస్తే ఆ గుమ్మంలో వీర్రాజు ఊడుస్తున్నాడు.

"వెంకాయమ్మ గారు ఖాళీ చేశారమ్మా."

"నాతో చెప్పకుండా వెళ్లే మనిషి కాదు ఆవిడ," అంది మంగతాయారు.

వీర్రాజు ఊడ్చుకుంటూనే ఉన్నాడు.

ఆమె ఇంటికి వచ్చి మొగుడి ఎదురుగా కూర్చుంది. ఏడవలేదు. "ఆవిడకి ఆ ఇల్లు అమ్మింది మీరే కదండీ" అంది. "ముసలావిడ తన తిండి మానుకుని నా పిల్లల కోసం ఆకాశం చూస్తూ కూర్చుంది. ఆవిడ మీదికి వెనకనుంచి వచ్చినవాడు ఆకాశంలోంచి రాలేదు."

తాతబ్బాయికి తను వెంకాయమ్మకి ఆ బొరియ చూపించిన రోజు గుర్తొచ్చింది. గర్జన వినిపిస్తుందా నాయనా, ఒంటరిదాన్ని, ధైర్యంగా ఉంటుంది అని అడిగింది. బ్రహ్మాండంగా వినిపిస్తుందండీ అన్నాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చావకుండా లేచి వెనక దారి తవ్వడం మొదలుపెట్టాడు. తను కూరిన రాళ్లే, కానీ కూరినంత తేలిగ్గా రాలేదు. గోళ్లు విరిగాయి. మంగ కూడా వచ్చి తవ్వింది. పిల్లలు ఆట అనుకుని మట్టి ఎగజిమ్మారు.

దారి తెరుచుకున్నాక అతను ఇల్లిల్లూ తిరిగాడు. "వెనక కన్నం తెరవండి. మహారాజు తింటున్నాడు" అని చెప్పాడు.

"మెల్లిగా అనవయ్యా," అన్నాడు ఒక జింక పెద్దాయన. "రేట్లు పడిపోతాయి."

"తినేది కింది వరసవాళ్లనేనట," అన్నారు పై వరసవాళ్లు. కింది వరసవాళ్లు పై వరస గురించి అదే అన్నారు. వెనక కన్నం తెరిస్తే ఆ ఇంటికి రీసేల్ ఉండదని ఇద్దరూ అన్నారు.

సాయంత్రానికి సంఘం అతన్ని పిలిపించింది. నిషేధించిన మాట బహిరంగంగా వాడాడని నేరం మోపారు. అదొక్కటే మాటా అంటే కాదు, ఏకంగా వాక్యం కట్టి వాడాడు అన్నాడు పేరయ్య. తాతబ్బాయి సభ్యత్వం రద్దయింది. అలుగు ముడుచుకునే చెయ్యి మాత్రం పైకెత్తి ఓటేశాడు.

కుటుంబం ఆ వెనక దారినుంచే బయటపడి వాగొడ్డుకి చేరింది. కలివి పొద కింద ఇల్లు ఇప్పుడు ఉడుముది. అందుకే వాళ్లు ఉత్త గడ్డిలోనే సర్దుకున్నారు. మధ్యవర్తిత్వం పోయింది గనక ఆకాశం చూసే ఉద్యోగం తాతబ్బాయికి దొరికింది. ఆ పని శ్రద్ధగా చేశాడు.

అయినా మనసు ఊరుకోక, కొన్ని రోజుల తర్వాత బోడిగుట్ట తోరణం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఒక కొత్త జంట, వయసులో ఉన్న చెవులపిల్లులు, ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. ఆడది కడుపుతో ఉంది. వాళ్లకి చూపిస్తున్నది తాతబ్బాయి ఖాళీ చేసిన ఇల్లే.

"కొనకండి బాబూ," అన్నాడు తాతబ్బాయి. "నేను ఆ ఇంట్లో ఉన్నవాణ్నే. మహారాజు రోజూ ఎవరో ఒకరిని తింటున్నాడు. మా పక్కింటి ముసలావిణ్ని తినేశాడు."

ఆడది ఆగిపోయింది. మొగుడు ఆమె చెవిలో, "ఈయన మధ్యవర్తేలే. మనల్ని బెదరగొట్టి తను చవగ్గా కొట్టేద్దామని" అన్నాడు.

"నిజం చెబుతున్నానమ్మా," అన్నాడు తాతబ్బాయి ఆడదానితో. జీవితంలో ఏ కొనుగోలుదారుతోనూ ఆ మాట అనాల్సిన అవసరం అతనికి రాలేదు. అందుకే కాబోలు సరిగా అనడం చేతకాలేదు.

వీర్రాజు ఎదురొచ్చి జంటని లోపలికి తీసుకెళ్లాడు. తాతబ్బాయి గుమ్మం బయట నిలబడిపోయాడు. మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఇదేంటండీ, వెనక కన్నం ఉంది?" అన్నాడు కుర్రాడు. "వాస్తు దోషం కదా. ధరేమైనా తగ్గిస్తారా?"

"తగ్గించేదేముంది, దోషమే తీసేస్తాం," అన్నాడు వీర్రాజు. రాళ్లు దొర్లిస్తున్న చప్పుడు మొదలైంది.

"ఏవండీ," అంది కడుపుతో ఉన్న ఆడది, కాస్త భయంగానే. "మనం లోపల ఉండగా ముందు గుమ్మంలోకి ఎవరైనా వస్తేనో?"

"ఎవరొస్తారే పిచ్చిదానా," అన్నాడు కుర్రాడు, "పక్కనే మహారాజు ఉంటే."

నీతి: పొరుగున గొప్పవారున్నారని ఇల్లు కొనేవాళ్లు, ఆ గొప్పవారి భోజనవేళ కూడా కనుక్కుని కొనాలి.